మాఘమాసంలో ఒక్క ఆదివారం

వార్షికోత్సవ సంచిక అనగానే చదువు గురించి, క్రమశిక్షణ గురించి రాయడం ఆనవాయితీ. మేము ఈసారి షికారు గురించి రాయదలిచాము. నవ్వుకున్నా ఫరవాలేదు, చివరిదాకా చదవండి.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలంటారు. సంక్రాంతి దాటిన దగ్గర నుంచి ఉగాది వచ్చేలోపు మన ప్రాంతంలో ఉండే హాయి ఏడాదిలో మరెప్పుడూ ఉండదు. తెల్లవారుజామున మంచు, పది గంటలకు ఒళ్ళు కాచుకునే ఎండ, సాయంత్రం చల్లగాలి. డెల్టాలో దాళ్వా చేలు పచ్చగా ఉంటాయి, మెట్టలో మామిడి పూత మీదుంటుంది. చంటిపిల్లను చంకనేసుకుని బయలుదేరినా వానకు తడుస్తుందనీ, వడదెబ్బ తగులుతుందనీ భయం లేదు. ఏప్రిల్ వచ్చిందంటే ఏలూరులో మధ్యాహ్నం పూట గుమ్మం దాటలేము.

సరిగ్గా ఈ రోజుల్లోనే హాస్టల్ పిల్లవాడు ఇంటికి దూరంగా ఉంటాడు. పండగ సెలవులయ్యాక ట్రంకుపెట్టె పట్టుకుని వచ్చినవాళ్ళలో చాలామంది మళ్ళీ ఇల్లు చూసేది వేసవి సెలవులకే. పదో తరగతి వాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. ఉదయం స్టడీ, రాత్రి స్టడీ, ప్రీఫైనల్ పరీక్షలు. అటు ఇంటి దగ్గర అమ్మ దాళ్వా కలుపుకు వెళ్తుంది. నాన్న గూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోస్తాడు, లేదా చేపల చెరువు గట్టు మీద కాపలా ఉంటాడు.

ఇందులో నష్టపోయేది ఎవరని అడిగితే, హాస్టల్లో ఉన్నవాడి పేరే అందరూ చెబుతారు. ఇంట్లో ఉన్న మూడేళ్ళ తమ్ముడు, నాలుగేళ్ళ చెల్లెలు కూడా అంతే నష్టపోతున్నారని మేమంటాము. వాళ్ళకు అన్నయ్య అంటే పండక్కి వచ్చే చుట్టం. మా బ్యాచ్‌లో ఎంతోమందికి ఇది అనుభవమే. చిన్న తరగతిలో హాస్టల్లో చేరి, పదో తరగతి పూర్తిచేసుకుని ఇంటికి వెళ్ళేసరికి, చంకలో ఉన్న చెల్లి జడలు వేసుకుని బడికి పోతోంది. ఆ పిల్లకు మా ముఖం తెలుసు గాని మా అలవాట్లు తెలియవు. ఆ పిల్ల దేనికి భయపడుతుందో, ఏం చూస్తే నవ్వుతుందో మాకూ తెలియదు. ఈనాటికీ ఫోనులో "బాగున్నావా అన్నయ్యా", "బాగున్నానమ్మా" అనుకున్నాక ఆ తరువాత మాట తోచదు. చదువు మాకు చాలా ఇచ్చింది, కాదనము. కానీ ఈ లోటును ఏ ఉద్యోగమూ పూడ్చలేదు.

అందుకే మేము అడిగేది ఒక్కటే. మాఘమాసంలో ఒక్క ఆదివారం, పిల్లవాణ్ణి చూడటానికి వచ్చే తల్లిదండ్రులు చిన్నపిల్లల్ని కూడా తీసుకురావాలి. ఇప్పుడు జరుగుతున్నదేమిటి? నాన్న ఒక్కడే వస్తాడు, జంతికల పొట్లం చేతిలో పెడతాడు, చెట్టు కింద పది నిమిషాలు నిలబడి, బస్సు వేళయిందని వెళ్ళిపోతాడు. చార్జీలు కలిసొస్తాయని చిన్నవాళ్ళను ఇంటి దగ్గరే వదిలేస్తారు. ఆ ఒక్క రోజు మాత్రం అందరూ రావాలి. వార్డెన్ గారు అనుమతించాలి. అందరూ కలిసి ఆటపాక వెళ్ళాలి.

ఆటపాకే ఎందుకంటే, కైకలూరు పక్కనున్న ఆ చెరువులో చలికాలమంతా గూడబాతులు పిల్లల్ని పెంచుతుంటాయి. గూళ్ళు కట్టుకోవడానికి చెట్లు చాలక అటవీశాఖ వారు నీళ్ళ మధ్య ఇనుప స్టాండ్లు నిలబెడితే, వాటి మీదే కాపురం పెట్టాయి. పిల్లబాతు ఆకలేసినప్పుడు తల్లి గొంతు సంచిలోకి తలంతా దూర్చి చేపలు తింటుంది. నాలుగేళ్ళ పిల్ల అది చూస్తే "అన్నయ్యా, అమ్మ దాన్ని మింగేస్తోంది!" అని చొక్కా పట్టుకుంటుంది. అప్పుడు సంగతి చెప్పాల్సింది అన్నయ్యే. పుస్తకంలో చదివింది ఇంట్లో వాళ్ళకు చెప్పే అవకాశం మనవాళ్ళకు ఇలాంటి చోటే దొరుకుతుంది. ఎర్రకాళ్ళ కొంగలూ కనిపిస్తాయి. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గేసరికి ఈ సందడి తగ్గిపోతుంది. వేసవి సెలవుల్లో చూద్దాంలే అనుకుంటే కుదరదు.

కొల్లేరు మనకు కొత్త కాదు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ గొడవల్లో మన ఊళ్ళవాళ్ళు రెండు వైపులా ఉన్నారు, వాటి జోలికి ఇక్కడ వెళ్ళము. పూర్వం పడవల మీద కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వెళ్ళేటప్పుడు చంటిపిల్లలతో సహా ఇంటిల్లిపాదీ కదిలేవారు. ఫాల్గుణంలో జరిగే ఆ జాతరే వాళ్ళ షికారు. పేదవాళ్ళకు షికార్లెందుకు అని మనలోనే కొందరంటారు. ఆ మాట మన తాతలు ఎన్నడూ అనలేదు.

గుంటుపల్లి బౌద్ధ గుహలకు వెళ్దామని కొందరు మిత్రులన్నారు. 1956లో అంబేద్కర్ గారు బౌద్ధం స్వీకరించారు కాబట్టి అది మనం చూడవలసిన చోటే. కానీ గుట్ట మెట్లు ఎక్కలేక మూడేళ్ళవాడు సగంలో ఏడుస్తాడు. పెద్ద తరగతుల వాళ్ళకు అది బాగుంటుంది, ఇంకో ఏడాది చూద్దాం.

పరీక్షలు దగ్గర పడ్డాయనే అభ్యంతరం వస్తుంది. ఒక్క ఆదివారం వల్ల మార్కులు తగ్గిన వాణ్ణి మేము చూడలేదు. ఇంటి మీద బెంగపెట్టుకుని, పుస్తకం తెరిచి పేజీ తిప్పకుండా కూర్చున్న వాళ్ళను చాలామందిని చూశాము. ఇక డబ్బు సంగతి. బస్సు చార్జీలు పూర్వ విద్యార్థులమే వేసుకోవాలి. ఇంతకంటే మంచి ఖర్చు మనకు ఏముంది? మనం కూడా మన పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్దాం. టీవీ ముందు, ఫోను ముందు కూర్చుని అన్నం తినే మన పిల్లలకు హాస్టల్ పిల్లలతో ఒక పూట ఆడుకోవడం అవసరం.

2022లో జిల్లాలు మారాక కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉంది. ఏలూరు వాళ్ళు నేరుగా బస్సులో రావచ్చు. గూడెం వైపు వాళ్ళు భీమవరం చేరుకుంటే, అక్కడి నుంచి ఆకివీడు మీదుగా కైకలూరుకు రైలుంది. పొద్దున్నే బయలుదేరితే పక్షులూ బాగా కనిపిస్తాయి, ఎండా తగలదు. పులిహోర, ఉడికించిన గుడ్లు, మంచినీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి. పడవ ఎక్కేటప్పుడు చిన్నవాళ్ళను అమ్మానాన్నల ఒడిలో కాకుండా హాస్టల్లో ఉన్న అన్నయ్య పక్కన కూర్చోబెట్టండి. లైఫ్ జాకెట్ ముడి కూడా వాడే కడతాడు.