"ఒప్పుకున్నాడు కదా, ఇంకా అప్పీలెందుకు?" అన్నవారికి



పోయిన ఆదివారం కమిటీలో మన సభ్యుడొకరి అర్జీ వచ్చింది. ఆయన కొడుక్కి హత్య కేసులో సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. మద్రాసు హైకోర్టులో అప్పీలుకు వకీలు ఫీజు కట్టలేక సహాయనిధి నుంచి అప్పు అడిగారు. చర్చ రెండు నిమిషాలు కూడా సాగలేదు. "వాడే ఒప్పుకున్నాడు కదండీ, ఇంకా అప్పీలెందుకు? సంఘానికి చెడ్డపేరు" అని ఒక పెద్దాయన అన్నారు. నలుగురు తలూపారు. అర్జీ పక్కకు పోయింది. ఆ రోజు నేనూ నోరు మెదపలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఆ కుర్రవాడు చేశాడో లేదో నాకు తెలియదు. చనిపోయిన మనిషికీ ఒక కుటుంబం ఉంది, ఆ సంగతి మరిచిపోలేదు. నా తగాదా అంతా "ఒప్పుకున్నాడు కదా" అనే మాటతోనే.

ఎవరి దగ్గర ఒప్పుకున్నాడు? తీర్పు నకలు తెప్పించుకుని చదివాను. వీఏఓ దగ్గర. తమిళనాడులో హత్య కేసుల తీర్పులు చదివేవారికి ఇది పాత కథే. పోలీసుల దగ్గర ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ 23వ సెక్షన్‌లో అదే ఉంది. అందుకని ముద్దాయి తనంతట తాను, ముఖపరిచయం కూడా లేని వీఏఓని వెతుక్కుంటూ వెళ్ళి, జరిగిందంతా చెప్పి సంతకం పెట్టాడంటారు. వీఏఓ అతన్ని స్టేషన్‌లో అప్పగిస్తాడు. ముక్కూమొహం తెలియనివాడి దగ్గరికి పోయి ఎవడైనా హత్య చేశానని ఎందుకు చెప్పుకుంటాడని మద్రాసు హైకోర్టు ఎన్నోసార్లు అడిగింది. అడిగింది ఎక్కడ? అప్పీలులో. మనవాళ్ళు వద్దంటున్నది సరిగ్గా దాన్నే.

"తరవాత మాట మార్చాడు" అని ఇంకొకాయన. మార్చకపోతే ఎప్పుడు చెప్పాలి? పోలీసుల చేతిలో ఉన్నన్నాళ్ళూ చెప్పలేడు. జడ్జి ముందు నిలబడి, పక్కన లాఠీ లేదని నమ్మకం కుదిరాక చెబుతాడు. దాన్నే మనం మాట మార్చడం అంటున్నాం.

అలాగని చట్టం అలాంటి కాగితాన్ని చెత్తబుట్టలో వేయమనలేదు. అది నిజమని, బలవంతం లేకుండా ఇచ్చిందని కోర్టుకు నమ్మకం కుదిరితే దాని మీద శిక్ష వేయవచ్చనీ, కానీ వేరే ఆధారం తోడు లేకుండా వేయడం వివేకం కాదనీ 1962లోనే ప్యారేలాల్ భార్గవ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తోడు ఉందా, ఉంటే ఎంత గట్టిది అన్నది తూచడానికే పై కోర్టు ఉంది.

ఇక మన కళ్ళ ముందు జరిగిన కేసు. రాజీవ్ గాంధీ హత్య కేసులో 1991 జూన్‌లో పేరరివాళన్‌ను పట్టుకున్నప్పుడు అతనికి 19 ఏళ్ళు. టాడా చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఎస్పీ రాసుకున్న నేరాంగీకారం చెల్లేది. అలా 17 మంది దగ్గర రాసుకున్నారు. వాళ్ళు ఆ తరవాత అవి తమ మాటలు కాదన్నారు. 1998లో కింది కోర్టు 26 మందికీ ఉరి వేసింది. టాడా కేసులకు హైకోర్టు మెట్టు ఉండేది కాదు, అప్పీలు నేరుగా సుప్రీంకోర్టుకే. 1999 మే 11న ఆ కోర్టు 19 మందిని హత్యానేరం నుంచి తప్పించింది, ముగ్గురికి యావజ్జీవం చేసింది, నలుగురికి ఉరి ఖాయం చేసింది. విచిత్రం చూడండి, టాడా నేరాలు నిలబడవని కొట్టేశారు, ఆ టాడా కింద రాసుకున్న వాంగ్మూలాలు మాత్రం హత్యానేరానికి పనికొచ్చాయి.

పేరరివాళన్ వాంగ్మూలంలో ఉన్న ముఖ్యమైన మాట, రెండు 9 ఓల్టుల బ్యాటరీలు కొని శివరాసన్‌కు ఇచ్చానని. అది రాసుకున్న సీబీఐ అధికారి త్యాగరాజన్ రిటైరయ్యాక, 2013లో, ఒక సంగతి బయటపెట్టారు. ఆ బ్యాటరీలు ఎందుకో తనకు తెలియదని కూడా ఆ కుర్రవాడు చెప్పాడట. ఆ వాక్యం తాను రాయలేదట. రాస్తే అది నేరాంగీకారం కాకుండా పోతుందని! 2017లో అదే మాట సుప్రీంకోర్టుకు అఫిడవిట్టుగా ఇచ్చారు. 2022 మే 18న పేరరివాళన్ విడుదలయ్యాడు. అదీ నిర్దోషి అని కాదు, మంత్రివర్గం సిఫారసు మీద గవర్నరు చేసిన జాప్యం వల్ల. ఆ ఒక్క వాక్యం బయటికొచ్చేసరికి అతని 22 ఏళ్ళు జైల్లో పోయాయి.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కారణం చెబుతాను. నేను రైల్వేలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒక పార్సిలు పోయింది. విచారణలో స్టేట్‌మెంటు టైపు చేసింది నేనే. "రాత్రి తాళం వేసింది నేనే, తాళంచెవి అయ్యగారి టేబుల్ మీద పెట్టి వెళ్ళాను" అన్నాడు పోర్టరు, తమిళంలో. రెండో ముక్క అక్కర్లేదన్నారు విచారణాధికారి. నేను ఇంగ్లీషులో మొదటి ముక్కే కొట్టాను. అతను వేలిముద్ర వేశాడు. మూడేళ్ళ ఇంక్రిమెంట్లు పోయాయి. ఫైలు చూసినవారికి అతను ఒప్పుకున్నట్టే ఉంటుంది. ఎవరూ అతన్ని కొట్టలేదు, తిట్టలేదు, టీ కూడా ఇప్పించారు.

తమిళ బడిలో చదివినవాణ్ణి, ఈ కాగితాన్ని మేము "ఒప్పుదల్ వాక్కుమూలం" అంటాం. వాక్కు ముద్దాయిదే కావచ్చు, కలం ఎప్పుడూ ఇంకొకరిదే.

మన కుర్రవాడి తీర్పులో వీఏఓ కాగితం కాక ఇంకేముంది? కొడవలి. అది చూపించింది అతనేనంటున్నారు, దానికి సాక్షి మళ్ళీ అదే వీఏఓ. చూసినవారు ఎవరూ లేరు. నేను వకీలును కాను, ఇది చాలదని తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. చాలుతుందని చెప్పే అర్హత మన కమిటీకీ లేదు.

అర్జీని వచ్చే ఆదివారం మళ్ళీ చర్చకు పెట్టమని కార్యదర్శిగారికి రాసిచ్చాను. నిధి నుంచి కుదరదంటే నా పెన్షన్‌లోంచి ఐదువేలు ఇస్తాను, ఇంకో పదిమంది కలిస్తే ఫీజు సరిపోతుంది. తీర్పు నకలు మా ఇంట్లోనే ఉంది, తమిళంలో, 41 పేజీలు. తలూపిన నలుగురూ ఆదివారం లోపల ఏ సాయంత్రమైనా ఐదు దాటాక రండి, కాఫీ తాగుతూ చదువుదాం.