శాంపిల్ మూడు భాగాలు చేస్తేనే సీడు గొడవ తీరేది

నడిగడ్డలో సీడు పత్తి వేసే రైతుకు జీవోటీ అంటే ఏమిటో వివరించి చెప్పనక్కర లేదు. గద్వాల, అయిజ, మల్దకల్, ధరూరు, గట్టు వైపు చిన్న రైతులు అరెకరం, ఎకరం మీదనే అప్పు తెచ్చి, ఇంటిల్లిపాదీ ఎండనక వాననక క్రాసింగ్ చేస్తారు. పత్తి తీసి, జిన్నింగ్ పట్టించి, విత్తనం అప్పగించాక నెలల తరబడి ఎదురుచూపు. చివరికి ఆర్గనైజర్ నుంచి కబురు వస్తుంది: "నీ లాటు ఫెయిలైంది." ఎందుకు ఫెయిలైందో చెప్పేవారుండరు.

తర్వాత జరిగేదీ మీకు తెలిసిందే. రోడ్డు మీద కూర్చుంటారు. అధికారులు వచ్చి మాట్లాడతారు. కొందరికి ఎంతో కొంత ఇప్పిస్తారు. మళ్లీ విత్తే కాలం రాగానే అదే ఆర్గనైజర్ దగ్గర, అదే నోటిమాట మీద మూల విత్తనం తెచ్చుకుంటారు. వేరుకు పట్టిన తెగులుకు ఆకు మీద మందు కొడితే ఎట్లా పోతుంది?

ఎందుకు అని అడగాలి

జపాన్‌లో టయోటా కార్ల కంపెనీలో తాయిచి ఓనో అనే ఇంజనీరు ఉండేవాడు. మిషన్ ఆగితే బాగుచేసి ఊరుకోవద్దు, ఎందుకు ఆగిందని ఐదుసార్లు అడగండని పనివాళ్లకు నేర్పాడు. మన గొడవనూ అట్లనే అడిగి చూద్దాం.

డబ్బు ఎందుకు రాలేదు? జీవోటీ ఫెయిలైంది. ఎందుకు ఫెయిలైంది? విత్తనం నాటి చూస్తే వేరే రకం మొక్కలు ఎక్కువ కనిపించాయి. అవి ఎట్లొచ్చాయి? సాయంత్రం మొగ్గలో పుప్పొడి తీసేటప్పుడు కొంత మిగిలి ఉండొచ్చు. క్రాసింగ్ అయిపోయాక మిగిలిన పూలు, మొగ్గలు తీసేయక అవీ కాయలై కలిసి ఉండొచ్చు. ఇది రైతు వైపు లోపం. కంపెనీ ఇచ్చిన ఆడ, మగ విత్తనంలోనే కల్తీ ఉండొచ్చు. అది కంపెనీ లోపం. జిన్నింగులోనో గోదాములోనో లాట్లు కలిసి ఉండొచ్చు. అది మధ్యవాళ్ల లోపం.

మరి మీ లాటులో జరిగింది ఏది? ఎవరికీ తెలియదు. ఎందుకు తెలియదు? మూల విత్తనం శాంపిల్ ఎవరూ దాచలేదు. అప్పగించిన విత్తనం శాంపిల్ మీ ముందర తీయలేదు.

అసలు వేరు ఇదే. తప్పు ఎవరిదో తేల్చే సాక్ష్యం లేదు. సాక్ష్యం లేని చోట బలమున్నవాడి మాటే నెగ్గుతుంది. లక్ష రూపాయల అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కన ఆరు నెలలు ఆగితే వడ్డీయే 12 వేలు. అది మోసేది రైతే.

దుకాణదారుకు ఉన్న రక్షణ రైతుకేది?

1966 విత్తన చట్టం ప్రకారం ఇన్‌స్పెక్టర్ దుకాణంలో శాంపిల్ తీస్తే మూడు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి దుకాణదారుకు, ఒకటి ల్యాబుకు, ఒకటి ఇన్‌స్పెక్టర్ దగ్గర. అమ్మేవాడికి ఉన్న ఈ రక్షణ, ఆ విత్తనం పండించినవాడికి ఎందుకు ఉండకూడదు?

మూల విత్తనం ఇచ్చే రోజున, పండిన విత్తనం అప్పగించే రోజున శాంపిల్‌ను రైతు ముందర మూడు భాగాలు చేయాలి. రెండు వైపులా సంతకాలు పెట్టి సీలు వేయాలి. ఒకటి కంపెనీకి, ఒకటి రైతుకు, ఒకటి వ్యవసాయ అధికారి దగ్గర. దాంతోపాటు ఒప్పందం కాగితం కావాలి. ధర ఎంత, ఎన్ని క్వింటాళ్లు కొంటారు, ఫలితం, డబ్బు ఏ తేదీలోగా ఇస్తారు, ఆలస్యమైతే వడ్డీ ఎవరు కట్టాలి అన్నీ అందులో ఉండాలి. ధ్రువీకరణ ప్రమాణాల్లో హైబ్రిడ్ పత్తికి కనీస జన్యు స్వచ్ఛత 90 శాతం. కంపెనీ అంతకంటే ఎక్కువ అడిగితే ఆ అంకె ముందే రాయాలి.

"కాగితం అడిగితే విత్తనమే ఇయ్యరు సారూ" అంటారు మీరు. నిజమే, ఒక్కరు అడిగితే ఇయ్యరు. ఊర్లో సీడు వేసేవాళ్లంతా ఒక్క మాట మీద నిలబడి అడగండి. క్రాసింగ్ చేతిపని. అది తెలిసిన చేతులు కంపెనీకీ అవసరమే. అయితే విత్తకముందే అడగాలి. విత్తినంక బేరం మీ చేతిలో ఉండదు. అధికారులు కూడా ధర్నా రోజున రావడం కాదు, ఒప్పందం కాపీ తమ కార్యాలయానికి చేరనిదే మూల విత్తనం పంచనీయకూడదు.

కోర్టు ఏమన్నది?

2012 జనవరిలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనకు పనికొస్తుంది. అప్పటి మహబూబ్‌నగర్, కర్నూలు తదితర జిల్లాల ఫోరాల నుంచి వెళ్లిన కేసులవి. ఒప్పందం మీద విత్తనం కొని సీడు పండించే రైతు కూడా వినియోగదారుడేనని కోర్టు తేల్చింది. ఇందులో 'కొని' అన్న మాట ముఖ్యం. మూల విత్తనానికి డబ్బు పట్టుకుంటే రసీదు వదలకండి. నష్టం జరిగిన రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు.

పల్లి రైతుకూ ఇదే మాట

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లి రైతులూ వినండి. కుప్పలో చెయ్యి పెట్టి "పచ్చిగున్నయ్" అని ధర తగ్గిస్తే ఊరుకోకండి. మద్దతు ధరకు తేమ 8 శాతం దాటకూడదు. తేమ ఎంతో మిషన్‌తో చూపించి చీటీ మీద రాయమనండి. మీరు కూడా కాయ ఎండబెట్టకుండా యార్డుకు తేవద్దు.

సీడు రైతులు కూడా ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. క్రాసింగ్ ఏ రోజు మొదలు, ఏ రోజు ఆఖరు, ఎవరు చేశారు, మిగిలిన మొగ్గలు ఎప్పుడు తీశారు, అన్నీ రాయండి. మన వైపు తప్పు లేదని చూపించగలిగినప్పుడే ఎదుటివాడి తప్పు అడగగలం. రాబోయే సీజనుకు మూల విత్తనం సంచి ఇంటికి తేకముందే ఊర్లో నలుగురూ కూర్చుని ఈ మాట తేల్చుకోండి.