కొల్లేరు చూడవచ్చే చుట్టాలకు



డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్లకు చుట్టాలు వస్తారు. హైదరాబాదులో ఉద్యోగాలు చేసే పిల్లలు, గల్ఫు నుండి సెలవు మీద వచ్చే అల్లుళ్లు, వారితో పాటు పల్లె ముఖము ఎరుగని మనుమలు. పండుగ ఆరాధన అయి, భోజనాలు కాగానే, "ఇక్కడ చూడదగినవి ఏమున్నాయండీ?" అని అడుగుతారు. తాడేపల్లిగూడెము దగ్గర పల్లె నుండి ఒక సహోదరి మాకు వ్రాస్తూ, "వచ్చినవారికి కొల్లేరు చూపించాలని ఉంది. ఎప్పుడు వెళ్లాలి, ఏమేమి జాగ్రత్తలు తీసుకోవాలి?" అని అడిగారు. ఈ నెల ఆ సంగతే మాట్లాడుకుందాము.

మొదట కాలము. కొల్లేరు చూడటానికి నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మంచి సమయము. వేసవిలో నీరు తగ్గి నేల బీటలు తీస్తుంది. వానాకాలములో బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఆ నీరంతా కొల్లేటిలోకే వస్తుంది. అది సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద మనందరికీ జ్ఞాపకమే. అటువంటి రోజులలో రోడ్డు ఎలా ఉన్నదో అడిగి తెలుసుకోకుండా బయలుదేరవద్దు.

తరువాత దారి. దూరము నుండి వచ్చేవారు ఏలూరులో దిగడము మేలు. రైళ్లు ఆగుతాయి, బస చేయడానికి లాడ్జీలు దొరుకుతాయి. అక్కడి నుండి కైకలూరు వెళ్లే రోడ్డు కొల్లేటి మీదుగానే పోతుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే సగము కొల్లేరు చూసినట్టే. తాడేపల్లిగూడెము వారు భీమవరము, ఆకివీడు మీదుగా కూడా కైకలూరు చేరవచ్చు. కైకలూరు పక్కనే ఆటపాక. అటవీ శాఖవారి పక్షుల కేంద్రము అక్కడే ఉన్నది. చెరువులో నిలబెట్టిన ఇనుప మంచెల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. ఎర్రకాళ్ల కొంగలు కూడా కనిపిస్తాయి. పడవలో తిప్పి చూపిస్తారు. తెల్లవారగానే వెళ్లండి, లేదా పొద్దు వాలేటప్పుడు వెళ్లండి. మిట్టమధ్యాహ్నము వెళ్తే ఎండ తప్ప మరేమీ మిగలదు.

ఈ గూడబాతులు సైబీరియా నుండి వచ్చాయని చాలామంది పిల్లలకు చెబుతుంటారు. మేము కూడా అలాగే చెప్పేవారము. అది పొరపాటు. చలికాలములో ఉత్తర దేశాల నుండి వచ్చేవి సూదితోక బాతుల వంటివి. గూడబాతు మన ప్రాంతపు పక్షే. 102వ కీర్తన వ్రాసిన భక్తుడు తన ఒంటరితనాన్ని చెప్పుకొనేటప్పుడు మన తెలుగు బైబిలులో ఈ పక్షి పేరే ఉన్నది. పిల్లలను ఆ కీర్తన చదివి రమ్మనండి, అక్కడ అవి గుంపులుగా కూర్చున్నది చూసి ఆశ్చర్యపడతారు.

ఆ గుంపుల వెనుక ఒక కథ ఉన్నది. 1946లో నీలకంఠన్ అనే మలయాళీ పక్షి పరిశీలకులు కొల్లేటి ప్రాంతములో తాటిచెట్ల మీద గూడబాతుల గూళ్లు చూశారు. సుమారు 3,000 పక్షులు అక్కడ గూళ్లు పెట్టాయి! కాని 1975 నాటికి ఆ పక్షులు ఆ చోటు పూర్తిగా విడిచిపోయాయి. ఒక తరము కళ్లముందే అంత గుంపు లేకుండా పోయింది. తరువాత చాలామంది శ్రమపడగా మళ్లీ వచ్చి, ఇప్పుడు మనుషులు నిలబెట్టిన ఇనుప మంచెల మీద పిల్లలను పెంచుకుంటున్నాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించారు. 2002లో రామ్సార్ ఒప్పందము క్రింద ప్రపంచ ప్రాముఖ్యము గల చిత్తడి నేలల జాబితాలో చేరింది.

ఇక మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితము మేము సండేస్కూలు పిల్లలను ఆటపాక తీసుకువెళ్లాము. యౌవనస్థులలో ఒకరు పాటల పెట్టె తెచ్చారు. పడవ నడిపే ఆయన, "అది కట్టేయించండి అయ్యగారూ" అన్నాడు. "పాటలే కదా, కాసేపు" అన్నాము. పడవ మంచె దగ్గరకు వెళ్లగానే పక్షులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రము తలెత్తలేదు. "తల్లి లేచిందంటే కాకి దిగుద్దండీ" అన్నాడు. అన్నట్టే రెండు కాకులు దిగి ఒక గూటిలో గుడ్డు పొడిచాయి. చప్పట్లు ఆగిపోయాయి. తిరుగు ప్రయాణములో ఒక చిన్నపాప, "మన వల్లేనా అయ్యగారూ?" అని అడిగింది. అవునని చెప్పక తప్పలేదు.

అందుచేత వెళ్లేవారికి మా మనవి: పాటల పెట్టెలు ఇంటివద్దనే ఉంచండి. మెరిసే రంగుల బట్టలు వద్దు. గూళ్ల దగ్గరకు పడవ పోనిమ్మని ఒత్తిడి చేయవద్దు. పసిపిల్లలను పడవ అంచున కూర్చోనివ్వకండి, తేలుడు కోట్లు ఇస్తే పెద్దలు కూడా వేసుకోండి. తెచ్చిన ప్లాస్టిక్ సంచులు తిరిగి తీసుకువెళ్లండి. దుర్భిణి ఉంటే తీసుకువెళ్లండి, దూరము నుండే చక్కగా కనబడుతుంది.

సమయము ఉంటే లంక గ్రామాలు కూడా చూడండి. కొల్లేరు అంటే పక్షులు మాత్రమే కాదు. తాటి దోనెల మీద వలలు వేసి బ్రతికిన కుటుంబాలు తరతరాలుగా అక్కడ ఉన్నాయి. తరువాత చేపల చెరువులు వచ్చాయి. 2006లో అభయారణ్యము లోపలి చెరువుల గట్లు ప్రభుత్వము కొట్టివేయించింది. సరస్సు ఊపిరి తీసుకోవడానికి అది అవసరమైనదే. అయినా ఆ చెరువుల మీద కూలి చేసుకొనేవారికి అది ఆకలి ఏడాది. ఒక లంకలో వృద్ధురాలైన సహోదరి మాతో, "పిట్టల్ని చూడ్డానికి కార్లేసుకుని వస్తన్నారు. మా గట్లు కొట్టేసిన ఏడు ఒక్కరూ రాలేదు అయ్యగారూ" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. పక్షికి గూడు కావాలి, మనిషికి కూడు కావాలి. రెండూ ఎలా నిలుస్తాయన్నది ఆ ప్రాంతము ఇంకా మోస్తున్న భారము.

కాబట్టి లంకకు వెళ్లినప్పుడు అడగకుండా మనుషుల ఫొటోలు తీయవద్దు. చుట్టూ నీరే ఉన్నా అక్కడ త్రాగే నీటికి కటకటే. మీ నీళ్లు మీరు తీసుకువెళ్లండి, వీలైతే రెండు క్యానులు ఎక్కువ తీసుకువెళ్లి మిమ్మును ఆదరించిన ఇంటివారికి ఇవ్వండి. భోజనము పెడతామంటే కాదనకండి. కొర్రమీను పులుసు దొరికితే మీ భాగ్యము. కొనేది ఏదైనా ఉంటే ఆ ఊరి అంగడిలోనే కొనండి.

మరొక రోజు చేతిలో ఉన్నవారు ఏలూరులో తివాచీలు నేసే చోటు చూడవచ్చు. కామవరపుకోట వైపు జీలకర్రగూడెము దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలు క్రీస్తు పూర్వపు నాటివి. మెట్లు ఎక్కాలి గనుక మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు క్రిందనే ఆగడము మంచిది.

ఆ సండేస్కూలు పాప ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది. గత ఏడాది మళ్లీ ఆటపాక వెళ్లినప్పుడు పడవ ఎక్కకముందే తన తోటివారి ఫోనులన్నీ నోరు మూయించింది. పడవ మెల్లగా వెళ్లింది. ఒక గూడబాతు పిల్ల తల్లి నోటిలోకి తల దూర్చి చేప తినడము అందరమూ చూశాము. ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు.

మీ చుట్టాలకు కూడా అటువంటి ఉదయము దొరకాలని కోరుకుంటున్నాము.