ఉత్తమ చిత్రాల పట్టికలో ఇరవయ్యారు గుంటలు

ప్రపంచంలోని ఉత్తమ చలనచిత్రాలు నూరు ఏవి? దీనికి జవాబు చెప్పే పుస్తకాలకు, పట్టికలకు కొరత లేదు. అంబర్‌పేటలో మేం నలుగురం వుంటున్న గదిలో అలాంటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి చేతులు మారి మారి అట్ట ఊడిపోయింది. నేనూ అందరిలాగే చూసినవాటికి టిక్కులు పెట్టాను. నూటికి ఏడు! ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్‌లో కొత్త సినిమాకు మొదటి ఆట తప్పనివాణ్ణి, నాకు వచ్చిన మార్కులివి.

ఇలాంటి పట్టికల్లో పెద్దపేరున్నది లండన్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ వారిది. 1952 నుంచి పదేళ్ళకోసారి విమర్శకుల ఓట్లు తీసుకుంటున్నారు. మొదటిసారి ఇటలీ చిత్రం ‘బైసికిల్ థీవ్స్’ (1948) గెలిచింది. 1962 నుంచి 2002 దాకా అయిదుసార్లు ‘సిటిజన్ కేన్’ సింహాసనం దిగలేదు. 2012లో హిచ్‌కాక్ తీసిన ‘వెర్టిగో’ వచ్చింది. 2022లో ఓటర్లు పదహారు వందలు దాటారు, షాంటాల్ అకర్మాన్ అనే స్త్రీ తీసిన ‘జాన్ డీల్‌మన్’ (1975) మొదటి స్థానానికి ఎక్కింది. మూడు గంటల ఇరవై నిమిషాల సేపు ఒక గృహిణి ఆలుగడ్డల పొట్టు తీయడం, గిన్నెలు కడగడం వగైరా. దాపరికమెందుకు, సగంలో నాకు నిద్రొచ్చింది. లేచి చూసేసరికి ఆమె ఇంకా పనిలోనే వుంది. మా అమ్మ కూడా అంతే, నేను పడుకునేటప్పుడూ లేచేటప్పుడూ పనిలోనే వుంటుంది. అప్పుడు సిగ్గేసింది.

ఫిజిక్స్ ల్యాబులో ఒకే వస్తువును అయిదుసార్లు కొలిస్తే అయిదు రీడింగులు దాదాపు దగ్గరగా రావాలి. రాకపోతే పరికరం చెడ్డదంటారు మా మాష్టారు. సినిమా విషయంలో ఆ సూత్రం చెల్లదని నా అభిప్రాయం. ఇక్కడ కొలిచేవాడు మారితే కొలతా మారుతుంది. కాబట్టి పట్టిక చూసినప్పుడు ముందుగా అడగవలసింది, కొలిచినవాళ్ళలో మనవాళ్ళెవరైనా వున్నారా అని.

2013లో సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. వారు ఓట్లు తీస్తే కె.వి. రెడ్డిగారి ‘మాయాబజార్’ (1957) భారతదేశంలోకెల్లా గొప్ప చిత్రంగా నిలిచింది. మనం గంతులేశాం. కాని 2022 నాటి నూరు చిత్రాలలో అది లేదు. భారతదేశం నుంచి ఒక్క ‘పథేర్ పాంచాలి’యే వుంది. దీనికి పాశ్చాత్యులను తిట్టి ఏం లాభం? మార్కస్ బార్ట్లే పట్టిన వెన్నెల వాళ్ళకూ అర్థమవుతుంది. పింగళి వారు పుట్టించిన మాటలు సబ్‌టైటిల్‌లోకి ఎట్లా దిగుతాయి చెప్పండి!

సబ్‌టైటిల్ సంగతి ఎత్తాను కనుక అసలు విషయానికి వస్తాను. కిందటి చలికాలంలో మా తాత కంటి ఆపరేషన్‌కని నల్గొండ జిల్లా నుంచి వచ్చి మా గదిలో వారం రోజులున్నాడు. పట్టీ విప్పిన తర్వాత పొద్దు పోవడంలేదంటే, మిత్రుని కంప్యూటర్‌లో బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ (1953) పెట్టాను. తాతకు హిందీ అంతంతమాత్రం, ఇంగ్లీషు అక్షరాలు అసలే రావు. నేనే పక్కన కూచుని మాటమాటా చెప్పాను. రెండు బీఘాలంటే ఎంతరా అన్నాడు. బెంగాలు బీఘా ఎకరంలో మూడో వంతు కాబట్టి రెండూ కలిపి ఇరవయ్యారు గుంటలు తాతా అన్నాను. “గంతేనా!” అని కొంచెం ముందుకు జరిగాడు.

అందులో రైతు శంభు తన బాకీ అరవై అయిదు రూపాయలని లెక్క వేసుకుని వెళతాడు. జమీందారు కాగితం తీసి రెండు వందల ముప్పై అయిదు అంటాడు. అక్కడ తాత నన్ను ఆపమన్నాడు. “కాయితం ఎవ్వని దగ్గరున్నది?” అని అడిగాడు. జమీందారు దగ్గరే అన్నాను. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా మరి మాట్లాడలేదు. బల్‌రాజ్ సాహ్ని నటన గురించి, 1952 బొంబాయి చిత్రోత్సవంలో ‘బైసికిల్ థీవ్స్’ చూసి బిమల్ రాయ్ పొందిన ప్రేరణ గురించి ఎన్నో వ్యాసాలు చదివాను. (మన ‘పాతాళ భైరవి’ కూడా ఆ ఉత్సవంలోనే ప్రదర్శించారు.) ఆ కాగితం ఎవరి దగ్గరుందన్న ప్రశ్న మాత్రం నాకు ఏ వ్యాసంలోనూ కనబడలేదు, నాకూ తోచలేదు.

తాత ‘మా భూమి’ (1980) విడుదలైనప్పుడు పక్క ఊరికి పోయి చూశాడట. గౌతమ్ ఘోష్ బెంగాలువాడని, మూలకథ కృషన్ చందర్ ఉర్దూ నవల అని చెబితే నమ్మలేదు. మన తెలంగాణ కథ మన ముసలోళ్ళకే తెలుసు గదా అన్నాడు. బి. నర్సింగరావు ‘దాసి’ (1988)కి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి, అయినా మా క్లాసులో అడిగితే చూసినవారు ఇద్దరు. మృణాల్‌సేన్ ప్రేమ్‌చంద్ కథతో తెలుగులోనే తీసిన ‘ఒక ఊరి కథ’ (1977) పేరు విన్నవారు ఒక్కరూ లేరు. ప్రపంచ పట్టికలో మనవి లేవని బాధపడే హక్కు మనకెంత?

అందుకే యూనియన్‌వారికి నా మనవి. వచ్చే సావనీర్‌లో ప్రముఖుల శుభాకాంక్షల పేజీలు కొన్ని తగ్గించి, పదహారు పేజీలు ఉత్తమ చిత్రాల తెలుగు గైడుకు కేటాయించండి. ఒకటి, రెండు అంటూ ర్యాంకులు వద్దు, ఎంసెట్‌తో పడ్డ బాధ చాలు. ప్రతి చిత్రానికీ సంవత్సరం, దర్శకుడు, కథ ఎక్కడిది, తెలుగు మీడియంవాడు కష్టపడకుండా అనుసరించగలడా లేదా, ఇవి వుండాలి. చివర చదువురాని పెద్దవారికెవరికైనా చూపించి వారన్న మాట ఒక్కటి వెయ్యాలి. లెక్చరర్లు నవ్వవచ్చు, విమర్శ అంటే ఇంత తేలికా అనవచ్చు. అయినా ‘దో బీఘా జమీన్’ పేజీ మాత్రం నేను ఇప్పుడే రాసి వుంచాను. సంపాదకవర్గం అడిగిన రోజున ఇస్తాను.