దుకాణంలో తొమ్మిది మందే

2025 జనవరి 20న ట్రంప్ గద్దెనెక్కిన రోజే అమెరికా ప్రభుత్వ ఆఫీసుల్లో డైవర్సిటీ శిక్షణలు, కార్యక్రమాలు ఎత్తేయమని సంతకం పెట్టాడు. సూరత్ రింగ్ రోడ్డు మీద చాయ్ తాగుతూ మనవాళ్లు రెండు పార్టీలైపోయారు. 'మంచి పని చేసిండు, ఆ క్లాసులన్నీ డొల్ల' అని ఒకాయన. 'మనిషిని మనిషిగా చూడమని చెప్తే నీకేం నొప్పి' అని ఇంకొకాయన. గొంతులు పోయేదాకా అరుచుకున్నారు. వాళ్ల నెత్తి మీదే, అదే మార్కెట్ పై అంతస్తులో, చీరకు రాళ్లు అతికించే మన లింబాయత్ పేట ఆడమనిషి మీద గుమస్తా చెయ్యి వేస్తే ఎవరికి చెప్పుకోవాలయ్యా అని అడిగితే మాత్రం ఇద్దరి నోరూ పెగల్లేదు.

జవాబు పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టంలోనే ఉంది. పదిమంది గానీ, అంతకు మించి గానీ పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి మహిళే అధ్యక్షురాలు కావాలి. సిబ్బందికి ఏది తప్పో నేర్పే శిక్షణ ఇప్పించడం యజమాని పని. కమిటీ వేయకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా. ఇది ట్రంప్ పెట్టిందీ కాదు, తీసేయగలిగిందీ కాదు. మన పార్లమెంటు చేసిన చట్టం.

మరి రింగ్ రోడ్డు మీద ఎందుకు కనపడదు? ఒక్కో మార్కెట్లో వందల దుకాణాలు. ఒక్కో దుకాణం ఒక్కో ఫర్మ్. ఏ సేటును కదిపినా 'మా దగ్గర తొమ్మిది మందే' అంటాడు. పదోవాడు వచ్చేసరికి కొడుకు పేరు మీద ఇంకో ఫర్మ్ పుట్టుకొస్తుంది! లిఫ్టు ఒకటే, మెట్లు ఒకటే, మరుగుదొడ్డి ఒకటే. చట్టం అడుగు పెట్టబోతే మాత్రం ఎవరి కొట్టు వాళ్లది. ఇలాంటి చిన్న కొట్ల ఆడవాళ్ల కోసం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలని అదే చట్టం చెప్పింది. అమలు ఎంత అధ్వానంగా ఉందో 2023 మేలో సుప్రీంకోర్టే దుయ్యబట్టింది.

శిక్షణ డొల్ల అనే పెద్దమనిషి మాటలో సగం నిజముంది, ఒప్పుకుంటాను. ఏడాదికోసారి తెర మీద నాలుగు బొమ్మలు, చివర ఒక సంతకం, సమోసా. దాన్ని నమ్మమంటే ఎవరు నమ్ముతారు? గూగుల్‌నే చూడండి. వైవిధ్యం మా ప్రాణం అని చాటుకుంటూ వచ్చిన ఆ కంపెనీ, 2022 ఏప్రిల్‌లో కుల వివక్ష మీద దళిత హక్కుల కార్యకర్త తేన్‌మొళి సౌందరరాజన్ ప్రసంగం ఉందంటే, కొందరు ఉద్యోగులు గొడవ చేయగానే ఆపేసింది. దాన్ని ఏర్పాటు చేసిన ఉద్యోగిని తనూజా గుప్తా ఉద్యోగం వదిలి బయటికొచ్చింది. చెప్పేవాడికే గుండె లేనప్పుడు వినేవాడు నవ్వక ఏం చేస్తాడు?

కానీ డొల్లగా ఉంది కాబట్టి అసలే వద్దనడం ఏం న్యాయం? నేర్పకపోతే ఏమవుతుందో ఈ ఊరే చూసింది. 2020 ఫిబ్రవరి. సూరత్ నగరపాలక సంస్థలో మూడేళ్ల శిక్షణ ముగించుకున్న మహిళా క్లర్కులు పర్మనెంటు కావడానికి ఫిట్‌నెస్ పరీక్షకని స్మిమెర్ ఆసుపత్రికి వెళ్లారు. నగరపాలక సంస్థ సొంత ఆసుపత్రి, రింగ్ రోడ్డుకు కూతవేటు దూరం. ఒకేసారి పదిమందిని బట్టలు విప్పించి నిలబెట్టారనీ, పెళ్లికానివాళ్లను గర్భం గురించి అడిగారనీ ఉద్యోగుల సంఘం ఫిర్యాదు చేసింది. కమిషనర్ ముగ్గురితో విచారణ కమిటీ వేశాడు. ఇది తొమ్మిది మంది కొట్టు కాదు. వేలమంది సర్కారీ ఉద్యోగులున్న చోటు. అయినా, ఆ ఫిర్యాదు నిజమైతే, ఆ గది తలుపు దగ్గర 'ఒక్కొక్కరినే పంపండి' అని చెప్పడానికి ఒక్క మనిషి లేకపోయాడు! అమెరికా రోగం మనకెందుకంటున్న అన్నా, ఈ రోగం ఏ దేశానిది?

నాకు తెర మీద బొమ్మలక్కర్లేదు. వస్త్ర వ్యాపారుల సమాఖ్య ఫోస్టా తలుచుకుంటే వారంలో అయ్యే పని చెప్తాను. ప్రతి మార్కెట్ లిఫ్టు పక్కన స్థానిక కమిటీ పేరు, ఫోన్ నంబరు రాసి పెట్టండి. గుజరాతీ, హిందీలతో ఆపకండి. తెలుగులో, మరాఠీలో, ఒడియాలో రాయండి. ఇక్కడి మున్సిపాలిటీయే తెలుగు బడులు నడుపుతోంది, చదవగలిగినవాళ్లు కావలసినంతమంది ఉన్నారు. ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన గడువు మూడు నెలలు. చెయ్యి పడ్డ రోజు నుంచే ఆ లెక్క మొదలవుతుంది, కింద చాయ్ దగ్గర మీ వాదన తేలేదాకా ఆగదు.