కడపటి పందెముల న్యాయము

లీగు పద్ధతిపై జరుగు పోటీలయందు కడపటి పందెములకు గల ప్రాధాన్యము క్రీడాభిమానుల కెల్లరకును విదితమే. మాసములకొలది ఆడిన ఆటల ఫలమంతయు ఆ ఒకటి రెండు దినములలో తేలిపోవును. ఏ జట్టు పై మెట్టు నెక్కవలెనో, ఏ జట్టు ఇంటిదారి పట్టవలెనో అప్పుడే నిర్ణయమగును. అట్టి పందెములను ఏ దినమున, ఏ గంటకు, ఏ వరుసను నడుపవలెనను విషయము మాత్రము క్రీడాస్థలమున గాక కార్యాలయపు బల్లమీద తీర్మానింపబడుచున్నది. ఆటగాడు చేసిన తప్పును వేలకొలది జనులు చూచి కేకలు వేయుదురు. పట్టికను వ్రాసినవాడు చేసిన తప్పును అడుగు నాథుడు లేడు. ఈ విషయమును గూర్చి ప్రజాభిప్రాయము స్థిరపడవలసిన యావశ్యకత కలదని మేము తలంచుచున్నాము.

హైదరాబాదు పేరు ధరించిన రెండు జట్లకు నాలుగు మాసములు నిండకుండ కలిగిన రెండు అనుభవములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో విషయము కరతలామలకము కాగలదు. ఒకటి క్రికెట్టు, మరియొకటి ఫుట్‌బాలు. మొదటిదానియందు మనకు లాభము కలిగెను. రెండవదానియందు నష్టము కలిగెను. అయితే లాభము కలిగినచోట పట్టిక వంకరగా నుండెను. నష్టము కలిగినచోట పట్టిక సరిగా నుండెను. తెలుగు పాఠకులు ఈ మాటను కొంచె మోరిమితో వినవలెనని మా ప్రార్థన.

2020 సంవత్సరపు ఐ.పి.ఎల్. పోటీలు కోవిడు కారణముగా ఎమిరేట్సు దేశమున జరిగెను. ఎనిమిది జట్లలో నాలుగింటికి మాత్రమే పై పోటీలలో ప్రవేశము. నవంబరు 1వ తేదీన కలకత్తా జట్టు రాజస్థాను జట్టును 60 పరుగుల తేడాతో ఓడించి, 14 పాయింట్లతో తన ఆటల నన్నిటిని ముగించుకొనెను. అటుపిమ్మట ఆ జట్టు చేయగలిగిన దేమియు లేదు. ఇతరుల కింకను రెండు పందెములు మిగిలియుండెను. 2వ తేదీన ఢిల్లీ, బెంగుళూరు జట్లు తలపడెను. రెంటికిని అప్పటికి 14 పాయింట్లే. గెలిచినవారికి చింత లేదు. ఓడినవారు సైతము మిక్కిలి ఘోరముగ ఓడనిచో కలకత్తాకంటె పై స్థానమున నిలువవచ్చునని లెక్క తేలియుండెను. ఢిల్లీ 17.3 ఓవర్లు దాటిన పిమ్మట లక్ష్యమును చేరినచో బెంగుళూరునకు సైతము క్షేమమే. ఢిల్లీ 19వ ఓవరున లక్ష్యమును చేరెను. గెలిచిన జట్టును, ఓడిన జట్టును కలసియే పై పోటీలకు పోయినవి.

మరునాడు షార్జాలో హైదరాబాదు జట్టు ముంబయితో ఆడెను. ముంబయి అప్పటికే ప్రథమస్థానమున స్థిరపడియుండెను గాన, గెలిచినను ఓడినను దానికి భేదము లేదు. బుమ్రా, బౌల్టు, హార్దిక్ పాండ్యా అను ముగ్గురు ప్రధాన క్రీడాకారులకు ఆనాడు విశ్రాంతి నొసంగిరి. హైదరాబాదు 150 పరుగుల లక్ష్యమును ఒక్క వికెట్టునైన కోల్పోక 17.1 ఓవర్లలో సాధించి తృతీయస్థానమును గైకొనెను. కలకత్తా జట్టు ఇంటికి మరలెను.

వార్నరు, సాహా లిరువురు ఆనాడు ఆడిన ఆట మెచ్చదగినదే. గెలిచినవారిని గాని, ఓడినవారిని గాని మేము శంకించుట లేదు. విశ్రాంతి నిచ్చుట ముంబయివారి హక్కు. రాబోవు పెద్ద పందెములకు తమ బౌలర్లను కాపాడుకొనుట వారి ధర్మము. ఢిల్లీ, బెంగుళూరు ఆటగాండ్రపై అపనింద వేయుటకు ఆధార మేమియు లేదు. కాని నిజాయితీపరులైన ఆటగాండ్రను సైతము లోకము సందేహించునట్టి యేర్పాటును చేసినవా రెవరు? ఆ మూడు పందెములును ఒకే దినమున, ఒకే గంటకు జరిగియుండినచో 17.3 అను అంకె యెవనికిని తెలిసియుండెడిది కాదు. ప్రత్యర్థి లెక్కను చేత బట్టుకొని ఆడు సౌకర్యము ఒకరికి కలిగించి, మరియొకరికి లేకుండ జేయుట యే న్యాయము?

గోదావరి డెల్టా రైతున కీ సంగతి బోధింప నక్కరలేదు. నదిలో నీరు తగ్గిన యేట దాళ్వా పంటకు ధవళేశ్వరమునుండి కాలువలకు వంతులవారీగా నీరు విడుచుట మన మెఱిగినదే. ఎవరి వంతు ముందు, ఎవరి వంతు వెనుక యను మాటమీద ఎన్ని తగవులు పుట్టినవో లాకుల దగ్గర కాపలా గాచిన ప్రతి రైతునకును తెలియును. నీటి విషయమున కడపటి వంతువాడు నష్టపడును. శివారు భూమి యెండును. ఆటల విషయమున కడపటి వంతువాడు లాభపడును. అంతియే భేదము. కాని రైతు తన వంతు నెవరు నిర్ణయించిరో, ఏ ప్రమాణమున నిర్ణయించిరో అడుగును. సమాధానము రానిచో ఇంజనీరు కచేరీకి పోయి కూర్చుండును. క్రీడాభిమాని మాత్రము టిక్కెట్టు కొని, ఇచ్చిన పట్టికను కన్నుల కద్దుకొని ఇంటికి పోవుచున్నాడు.

ఇక రెండవ యనుభవము. 2020-21 ఇండియన్ సూపర్ లీగు ఫుట్‌బాలు పోటీ లన్నియు గోవాలోనే ప్రేక్షకులు లేకుండ జరిగెను. పదునొకండు జట్లు, ఒక్కొక్క జట్టునకు ఇరువది ఆటలు, సెమీఫైనలులకు నాలుగు స్థానములు. మూడు స్థానములు ముందే నిండెను. 2021 ఫిబ్రవరి 28వ తేదీన మిగిలిన ఒక్క స్థానమునకై గోవా, హైదరాబాదు జట్లు ముఖాముఖి నిలిచినవి. గోవాకు 30 పాయింట్లు, హైదరాబాదునకు 28. గోవాకు సమానఫలము చాలును. హైదరాబాదునకు విజయమే కావలెను. గోలు లేకయే ఆట ముగిసెను. హైదరాబాదు 29 పాయింట్లతో పంచమస్థానమున నిలిచిపోయెను. ఇరువది ఆటలలో మూడింట మాత్రమే యోడిన జట్టు ఇంటికి మరలుట అభిమానులకు దుస్సహమే. అయినను మేము పట్టికను తప్పుపట్టజాలము. స్థానమును కోరు ఇరువురును ఒకే మైదానమున, ఒకే గడియారము క్రింద, ఒకరి కన్నులలో నొకరు చూచుచు ఆడిరి. మూడవవాని దయాదాక్షిణ్యములతో పని లేకపోయెను. ఆ నష్టము నష్టమేగాని అన్యాయము కాదు. మరుసటి సంవత్సరముననే, అనగా 2021-22 పోటీలలో, అదే జట్టు విజేతయై కప్పును గైకొనెను.

ఈ న్యాయమును లోకము సులభముగ నేర్చుకొనలేదు. 1978లో అర్జెంటీనాయందు జరిగిన ప్రపంచకప్పు పోటీలలో జూన్ 21వ తేదీన బ్రెజిల్ జట్టు పోలెండును ముందుగా ఓడించెను. పిమ్మట అర్జెంటీనా పెరూతో ఆడెను. ఫైనలు చేరుటకు నాలుగు గోళ్ల తేడా కావలెనని తెలిసికొనియే అర్జెంటీనా మైదానమున దిగెను. ఆరు గోళ్లు వేసెను. ఆ పందెమును గూర్చిన అనుమానములు నేటికిని చల్లారలేదు. నాలుగేండ్లకు 1982లో స్పెయినునందు మరింత రోత పుట్టించు దృశ్యము జరిగెను. అల్జీరియా జట్టు పశ్చిమ జర్మనీని 2-1 గోళ్లతో ఓడించి లోకమును ఆశ్చర్యపరచెను. జూన్ 24వ తేదీన చిలీపై గెలిచి తన ఆటలను ముగించెను. మరునాడు గిహోన్ నగరమున పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియాలు తలపడెను. జర్మనీ ఒకటి రెండు గోళ్ల తేడాతో గెలిచినచో ఇరువురికిని ప్రవేశము. మొదటి పది నిమిషములలో నొక గోలు పడెను. తక్కిన కాలమంతయు ఇరుపక్షములవారును బంతిని అటునిటు త్రోసికొనుచు గడపిరి. అల్జీరియా అభిమానులు కరెన్సీ నోట్లు చూపి తమ యేవగింపును తెలిపిరి. అల్జీరియా చేసికొన్న ఫిర్యాదును త్రోసిపుచ్చిరి. ఏ నియమమును ఉల్లంఘింపబడలేదట! నిజమే. నియమమే లేనిచోట ఉల్లంఘన యెక్కడిది?

ఒక పేద దేశమునకు జరిగిన యీ అవమానము పిమ్మట, 1986 ప్రపంచకప్పునుండి ఒక్కొక్క వర్గమునందలి కడపటి రెండు పందెములను ఒకే సమయమున నడుపు నియమము ఏర్పడెను. ఇది ఎంతో మేలు చేసినది. కాని సంపూర్ణము కాలేదు. 2026 ప్రపంచకప్పునకు జట్ల సంఖ్యను 48కి పెంచి, పన్నెండు వర్గములు చేసి, తృతీయస్థానమున నిలిచిన పన్నెండు జట్లలో ఎనిమిదింటికి పై ప్రవేశము కల్పించిరి. వర్గముల కడపటి పందెములను జూన్ 24 మొదలు 27 వరకు నాలుగు దినములకు పంచిరి. మొదటి దినమున ఆడువారు చీకటిలో ఆడవలెను. నాలుగవ దినమున ఆడువారు అందరి లెక్కలును చూచుకొని ఆడవచ్చును. ఆ నాలుగవ దినమునకు ఏర్పరచిన పందెములలో నొకటి అల్జీరియా, ఆస్ట్రియాల పందెము! నలువదినాలుగేండ్ల క్రిందట దేని మూలమున అల్జీరియా నష్టపడెనో ఆ సౌకర్యమే ఈసారి దాని చేతికి వచ్చినది. ఇది విధి చమత్కార మనవచ్చును గాని, న్యాయ మనరాదు.

నిర్వాహకుల వాదము మాకు తెలియనిది కాదు. ఒకే గంటకు రెండు పందెములు జరిగినచో ప్రసారము చూచువారు చీలిపోదురు; ప్రకటనల రాబడి తగ్గును. 2022 జూన్ నెలలో జరిగిన వేలమునందు ఐ.పి.ఎల్. అయిదేండ్ల ప్రసారపు హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయెను. అంత సొమ్ము పోసినవాడు ఒక్కొక్క సాయంకాలమును విడివిడిగా అమ్ముకొనగోరుట సహజము. పోలీసు బందోబస్తు, మైదానముల యిబ్బంది కూడ చెప్పుదురు. కాని ఈ వాదమునకు ప్రత్యుత్తరము వారి చేతలలోనే కలదు. 2021 అక్టోబరు 8వ తేదీన ఐ.పి.ఎల్. లీగు దశలోని కడపటి రెండు పందెములను తొలిసారి ఒకే సమయమున నడిపిరి. అబుధాబిలో హైదరాబాదు, ముంబయి. దుబాయిలో బెంగుళూరు, ఢిల్లీ. ఆ రాత్రియే మన విశాఖపట్టణపు యువకుడు శ్రీకర్ భరత్ కడపటి బంతిని సిక్సరుగా మలచి, 78 పరుగులతో అజేయుడై బెంగుళూరును గెలిపించెను. ఉత్కంఠ తగ్గినదని యెవరైన చెప్పగలరా?

అదియు సగము న్యాయమే యని గుర్తింపవలెను. పై స్థానమునకు ముంబయితో పోటీపడుచుండిన కలకత్తా జట్టు ముందటి రాత్రియే ఆడి గెలిచియుండెను. అందుచేత 171 పరుగుల తేడాతో గెలువవలెనను లెక్కతో ముంబయివారు దిగిరి. 235 పరుగులు చేసియు ఆ తేడాను సాధింపలేక పోయిరి. ఆ సగము న్యాయమైనను నిలువలేదు. 2023 మే 21వ తేదీన ముంబయి మధ్యాహ్నము హైదరాబాదుతో ఆడగా, అదే స్థానమును కోరు బెంగుళూరు సాయంకాలము గుజరాత్‌తో ఆడెను. ముంబయి గెలిచినదను వార్త చేతికందిన పిమ్మట బెంగుళూరు తన పందెమును ముగింపవలసివచ్చెను, ఓడిపోయెను. ఈసారి వెనుక ఆడినవానికి లాభము కలుగలేదు గదా యని కొందర నవచ్చును. లాభము కలిగినదా లేదా యనునది ప్రశ్న కాదు. తూకము సరిగా నున్నదా లేదా యనునదే ప్రశ్న.

గంట యొక్కటియే సరిపోదు. తగవులు తీరకుండ కడపటి దినము రాకూడదు. 2024-25 ఐ-లీగు పోటీలు 2025 ఏప్రిల్ 6వ తేదీన ముగిసెను. చర్చిల్ బ్రదర్సు జట్టునకు 40 పాయింట్లు, ఇంటర్ కాశీకి 39. అయితే జనవరి 13వ తేదీన నామ్‌ధారీ జట్టుతో జరిగిన పందెమును గూర్చిన వివాద మప్పటికిని తేలలేదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యవారి అప్పీలు సంఘము తీర్పుతో చర్చిల్ విజేత యనిరి. జులై 18వ తేదీన లోజాన్ నగరమునందలి క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానము ఇంటర్ కాశీయే విజేత యని తీర్చెను. పై లీగునకు పోవు జట్టేదో తెలియుటకు మూడు మాసములకు పైగా పట్టినది. జనవరి తగవును ఫిబ్రవరిలో తేల్చియుండినచో కడపటి దినమున ఏ జట్టు దేనికై ఆడుచున్నదో ఆ జట్టునకైన తెలిసియుండెడిది. 2022-23లోను, 2023-24లోను అదే ఐ-లీగున ద్వితీయస్థానమున నిలిచి, ఒక్కొక్క మెట్టు దూరమున పై లీగును పోగొట్టుకొనిన శ్రీనిధి దక్కన్ జట్టు మన హైదరాబాదుదే. ఆ ఒక్క మెట్టు విలువ యేమో వారి నడుగవచ్చును.

ఫుట్‌బాలున మన మాట చెల్లకపోవలసిన పని లేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1 గోళ్లతో ఓడించి స్వర్ణపతకమును తెచ్చిన భారత జట్టునకు శిక్షకుడు హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పును గెలిచినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. 1965-66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌నకు వచ్చెను. ఆడుటలో పెద్దలైనవారి వారసులు ఆట నడుపు విధమును గూర్చి నోరు మెదపకుండుట వింతగా నున్నది. రెండు రాష్ట్రముల సంఘములును సమాఖ్యకు వ్రాసి, పై ప్రవేశముతో సంబంధముగల కడపటి పందెము లన్నియు ఒకే గంటకు ఆరంభింపవలెననియు, వానికి ముందు జట్లకు విశ్రాంతి దినములు సమానముగ నుండవలెననియు, ఆ పందెములకు పదునైదు దినములు ముందుగనే ఫిర్యాదు లన్నియు పరిష్కృతములు కావలెననియు నియమావళిలో చేర్పించుటకు పట్టుపట్టవలెను. పట్టిక ప్రకటింపబడిన పిమ్మట ప్రసారకుని కోరికమేరకు కడపటి వారపు గంటలను మార్చుటకు ఎవరికిని అధికార ముండరాదు.

పెద్దవారి సంగతి తేలువరకు మనము వేచియుండ నక్కరలేదు. సంక్రాంతికి ఉభయ గోదావరి మండలములలో కబడ్డీ, వాలీబాలు, క్రికెట్టు పోటీలు నడుపు యువజన సంఘములు అనేకములు. రాజమహేంద్రవరమున రెండు మైదానములు దొరకని దినము లేదు. కడపటి వరుస పందెములను రెండింటను ఒకేసారి ఆరంభింపవచ్చును. ఒకే మైదానము గల పల్లెలయందు, ఏ జట్టు ముందు ఆడవలెను, ఏది వెనుక ఆడవలెను అను విషయమును కడపటి వరుసకు ముందుగా గాక, పోటీలు ఆరంభమగు నాడే, పాయింట్లు ఎవరికిని లేని వేళ, అందరి యెదుట చీట్లు వేసి తేల్చి, ఆ కాగితమును పంచాయతీ కచేరీ గోడకు అంటింపవలెను.