ఒళ్లు ఎట్లుందవ్వా?

మన కుడతినిలో ఏ అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లనైనా "ఒళ్లు ఎట్లుంది?" అని అడగండి. ఇద్దరి జవాబు ఒకటిగా ఉండదు.

మా వీధిలో ఒక అవ్వ ఉంది. రెండు మోకాళ్లూ బాగా అరిగిపోయినాయని ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పినాడు. గోడ పట్టుకోకుండా లేవలేదు. అయినా "నాకేమైంది నాయనా, గట్టిగుండా. నా సంగటి నేనే కెలుక్కుంటా" అంటుంది. పక్కింట్లో ఉండే తాత మిల్లులో ఏండ్ల తరబడి నిలబడి పని చేసి దిగినాడు. ఆయన ఎక్స్‌రేలో అరుగుదల కొంచెమే. కానీ "నా పని అయిపోయిందప్పా" అంటూ మంచం దిగడు.

ఎవరి మాట నిజం? ఇద్దరిదీ నిజమే. కీళ్లవాతంలో ఎక్స్‌రేకూ నొప్పికీ లెక్క అన్నిసార్లూ కుదరదు. పెద్దవాళ్లు ఆరోగ్యాన్ని కొలుచుకునేది చేతనయ్యే పనితో. బిందె ఎత్తగలనా, బళ్లారి దుర్గమ్మ గుడికి పోయి రాగలనా, కింద కూర్చొని తినగలనా అని చూసుకుంటారు.

ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. 1997లో ఇద్దరు పరిశోధకులు 27 అధ్యయనాలు కలిపి చూసినారు. "నా ఆరోగ్యం బాగలేదు" అన్నవాళ్లకు, ఉన్న జబ్బులను లెక్కలోకి తీసుకున్నాక కూడా, ప్రాణాపాయం ఎక్కువని వాటిల్లో చాలావరకు తేలింది. మన దేశంలో 2017–18లో 45 ఏండ్లు దాటినవాళ్లనూ వాళ్ల భార్యాభర్తలనూ కలిపి 72 వేల మందికి పైగా కలిసిన లాసి సర్వేలోనూ ఈ ప్రశ్న అడిగినారు.

అవ్వ ధైర్యం మంచిదే. ఆ ధైర్యం వెనక మెడికల్ షాపు నొప్పిబిళ్ల ఉంటేనే ప్రమాదం. డాక్టరును అడక్కుండా నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ పెరగొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. తాత భయానికి మంచం మందు కాదు. కదలకపోతే తొడకండ బలం తగ్గి మోకాలికి ఇంకా కష్టం. కుర్చీలో కూర్చొని ఒక్కో కాలు చాచి, 5 లెక్కపెట్టి దించమనండి. పూటకు 10 సార్లు చాలు. ఒళ్లున్నవాళ్లు 1 కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది.

ఒక గుర్తు పెట్టుకోండి. పొద్దున పట్టేసిన కీళ్లు అరగంటలోపల వదిలితే మామూలుగా అది అరుగుదల. గంట దాటినా వదలక, చేతివేళ్ల కణుపులు వాస్తే వేరే వాతం కావచ్చు. ఆలస్యం చేస్తే వేళ్లు వంకరపోతాయి. వెంటనే బళ్లారి పెద్దాసుపత్రిలో చూపించండి.

కొడుకులూ కోడళ్లూ, "నొప్పి ఎట్లుంది?" అని అడిగి ఊరుకోకండి. "పోయిన నెల చేసుకున్న పనుల్లో ఈ నెల ఏది చేతకావడం లేదమ్మా?" అని కూడా అడగండి. ఆ జవాబు డాక్టరుకు చెప్పండి. "వయసైంది, ఇంతే" అనే మాట వాళ్ల నోట వచ్చినా, మీ నోట మాత్రం రానీయకండి.